పక్కలోకం నుంచి ఒక వాటా

ఆ సీరియల్ పేరు ‘పక్కలోకం’. మీలో ఎవరూ చూసి ఉండరు. మా వీధిలో బుల్లమ్మని అడగండి, తనూ చూడలేదంటుంది. నా పక్కనే చాప మీద కాళ్ళు చాపుకుని, నేను వండిన జంతికలు నమిలి, ఎనభై మూడు ఎపిసోడ్లు చూసిన మనిషి! మొన్న గట్టిగా నిలదీస్తే, "నీకేటైనా గాలి సోకినాదేటే దాలమ్మా?" అంది. చెంప పగలగొడదామనిపించింది. ఊరుకున్నాను. తన తప్పు లేదని నాకు తెలుసు. ఈ బుల్లమ్మ నిజంగానే చూడలేదు.

మాది కళింగపట్నం. చేపలు ఎండబెట్టే దిబ్బల పక్కన మా వీధి. నా పెనిమిటి అప్పలసూరి. ఆయన తమ్ముడు నరేష్. మూడేళ్ళ కిందట శ్రావణంలో అన్నదమ్ములిద్దరూ తెప్ప వేసుకుని వేటకెళ్ళారు. తిరిగొస్తుంటే, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం తెప్పని బోర్లా కొట్టింది. సాయంత్రానికి నరేష్ ఒడ్డుకి చేరాడు. మా ఆయన రాలేదు. శవమూ రాలేదు.

ఏం జరిగిందిరా అని ఊరంతా అడిగింది. "అన్న పోనాడు" అన్నాడు నరేష్. అంతకుమించి నోరు విప్పలేదు. విప్పని నోరు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. "నీ పేనం నువ్వు సూసుకున్నావురా. ఆయన్ని నీటిలో ఒదిలీసి వొచ్చీసినావు" అని నడివీధిలో నిలబెట్టి తిట్టాను. పెద్దలొచ్చి, గడ్డితో మనిషిని చేసి దహనం చేద్దాం, కర్మ చేసేద్దాం అన్నారు. గంప ఎత్తి కొట్టబోయాను వాళ్ళని. శవం చూడకుండా కర్మేమిటి? గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు. ఆయన వస్తాడనే ఉన్నాను.

తర్వాత నరేష్, మా ఆయన ఒకప్పుడు వేటకెళ్ళిన గంగులు పడవలోనే చేరాడు. వేట నుంచి రాగానే తన వాటా చేపలు తెచ్చి మా అరుగు మీద పెట్టి, "వొదినా, సేపలు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయేవాడు. పచ్చివి కొన్ని కూరకి ఉంచుకుని, మిగతావి ఉప్పేసి ఎండబెట్టుకునేదాన్ని. నా పొట్ట గడిచింది దాని మీదే. వాడు తెచ్చింది తింటూ వాణ్ణే తిట్టేదాన్ని. సిగ్గు లేదా అని మీరు అడగొచ్చు. అప్పట్లో లేదు.

ఒకరోజు ఇంకా దూరం వెళ్ళాను. "ఆ పూట ఆయనొచ్చి నువ్వు పోయుంటే నా బతుకు బాగుండును" అన్నాను, వాడి మొహం మీదే. వాడు చేపలు కింద పెట్టాడు. "అవును వొదినా" అని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ చేపలతో వచ్చాడు.

ఇక ఆ సీరియల్ సంగతి. రోజూ సాయంత్రం ఆరున్నరకి వచ్చేది. అందులో ఒక సైంటిస్టు పిల్ల. వాళ్ళ లాబులో పాత ఫ్రిజ్ లాంటి పెట్టె. దాని తలుపు తీసుకుని వెళితే అవతల ఇంకో లోకం. అవే వీధులు, అవే మనుషులు, ఏదో ఒక్కటి తేడా. ఒక లోకంలో అందరూ ఎడంచేత్తో అన్నం తింటారు. "ఓలమ్మో, సీ!" అని బుల్లమ్మ మొహం తిప్పేసుకుంది. ఇంకో లోకంలో ఆ పిల్ల పుట్టనే లేదు, కన్నతల్లే గుమ్మంలో నిలబడి "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతుంది. ఆ రోజు మా వీధిలో ఏడవని ఆడది లేదు. ఎన్ని లోకాలున్నా కట్టుబాటు మాత్రం ఒక్కటే. అటునుంచి ఒక మనిషి ఇటు రావాలంటే, ఇటునుంచి ఒక మనిషి పోవాలి. పోయినవాణ్ణి ఎవరూ తలుచుకోరు, పిలిచి తెచ్చుకున్నవాళ్ళొక్కరే గుర్తుపెట్టుకుంటారు.

మిగతావాళ్ళు దాన్ని కథలా చూశారు. నేను అలా చూడలేదు. ఎక్కడో ఒకచోట మా ఆయన ఒడ్డెక్కిన రోజు కూడా ఉండే ఉంటుందని నమ్మాను. నరేష్ కూడా చూసేవాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని బయటే నిలబడి, అయిపోగానే మాట్లాడకుండా వెళ్ళేవాడు.

మాఘమాసంలో ఆ సీరియల్ వాళ్ళే మా ఊరొచ్చారు. డైరెక్టరు ఉమాశంకర్ మనవాడే, రాజాం కుర్రాడు. తప్పిపోయిందనుకున్న పడవ ఇంకో లోకంలో ఒడ్డుకొస్తుంది. ఆ సీను మా ఊళ్ళో తీస్తామన్నాడు. గంగులు పడవనీ, పడవలో మనుషుల్నీ మాట్లాడుకున్నాడు. గంప పట్టుకుని ఎదురెళ్ళే ఆడవాళ్ళు కావాలంటే వీధంతా ఎగబడింది. నా గొంతు వినగానే, "అమ్మా, నువ్వు ముందు నిలబడు" అన్నాడు.

మా దగ్గర పడవ ఒడ్డెక్కితే ఒక పద్ధతుంది. చేపల్ని ఇసకలో కుప్పలుగా పోస్తారు. మనిషికొకటి, పడవకొకటి, వలకొకటి. పడవ పెద్ద ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. ఆ ఇంటి ఆడది "ఇదిగో" అని పలికి, ఆ కుప్ప గంపలోకి ఎత్తుకుంటుంది. పలికి ఎత్తుకుందంటే ఆ మనిషి క్షేమంగా ఇల్లు చేరినట్టు లెక్క. అందుకే లేనివాడి పేరు పిలవరు, పిలిచినా ఎవరూ పలకరు. మా ఆయన పోయాక నేను గంప పట్టుకుని ఒడ్డుకి వెళ్ళలేదు. రెండేళ్ళలో వెళ్ళడం అదే మొదలు.

గంగులు పట్టుదల మనిషి. "ఒట్టి పడవతో ఒడ్డెక్కను, సూటింగైనా సరే" అని తెల్లవారుజామునే నిజంగా వలేసి, కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలు తెచ్చాడు. పడవలో నలుగురు: గంగులు, చినబాబు, శివాజీ, నరేష్. తొమ్మిది గంటలకి ఎండ బాగుందని ఉమాశంకర్ మొదలుపెట్టాడు. పడవ కెరటాల అవతలకి వెళ్ళి తిరిగొచ్చింది. మేం అరుస్తూ ఎదురు పరుగెత్తాం. కెమెరా ఎక్కడుందో కూడా నాకు గుర్తులేదు. పడవని చూడగానే కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి.

గంగులు వంగి చకచకా కుప్పలు పోసి, నడుం ఎత్తకుండా పిలుపు అందుకున్నాడు. తన పేరు. చినబాబు. శివాజీ. "అప్పలసూరి!"

"ఇదిగో!" అన్నాను నేను.

పేర్లు పిలిచే నలభై ఏళ్ళ అలవాటు గంగులు నోట్లోంచి వచ్చింది. పదిహేనేళ్ళ అలవాటు నా నోట్లోంచి వచ్చింది. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. గంగులు మొహంలో నెత్తురు లేదు. కుప్పలు చూశాడు, వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. నలుగురు మనుషులు, పడవ, వల. ఆరుండాలి. ఏడున్నాయి.

"సూపరమ్మా! ఎంత నేచురల్‌గా వచ్చిందో!" అని ఉమాశంకర్ గొడుగు కింద చప్పట్లు కొట్టాడు.

గంగులు ఇసకలో కూలబడిపోయాడు. "నోరు జారిపోనాది దాలమ్మా. నీకు దండం పెడతాను, ఇంక ఆపించీ. పిలిసి పలికిన వాటా మంచిది కాదు, సముద్రంలో పారబోసీస్తాను" అన్నాడు.

నేను ఆయన మాట వినడం లేదు. ఉమాశంకర్ ముందు చిన్న టీవీ లాంటిది పెట్టుకుని, తీసింది మళ్ళీ చూస్తున్నాడు. నేను వెనక నిలబడి చూశాను. పడవ వస్తోంది. చుక్కాని దగ్గర నరేష్ ఉన్నాడు. వాడి వెనక, ఇటు వీపు పెట్టి, ఇంకొక మనిషి. ఎడమ భుజం కాస్త దిగి ఉంది. పదిహేనేళ్ళు నలుగుపెట్టి నీళ్ళు పోసిన వీపు, నాకు తెలియదా?

"బాబూ, పడవలో ఎంతమంది?" అని అడిగాను.

"ఐదుగురే కదమ్మా ఎక్కారు" అన్నాడు ఉమాశంకర్, తల కూడా ఎత్తకుండా.

భయమేసింది, కాదనను. కానీ భయం కింద సంతోషం పొంగుతోంది, అదీ దాచను. గంగులు వద్దు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. ఉమాశంకర్ ఇంకొకసారి తీస్తే బాగుండునని నసుగుతున్నాడు. తియ్యమని గట్టిగా అన్నది నేనే. "మళ్ళీ తియ్యండి. ఏటయిపోద్ది? తియ్యండి" అని మగాళ్ళందరినీ కేకలేసి పడవెక్కించాను. నరేష్ ఎక్కుతూ వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. వాడికీ అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది.

పడవ తిరిగొస్తున్నంతసేపూ నేను ఆ టీవీ దగ్గరే ఉన్నాను. టీవీలో నలుగురు. చుక్కాని పట్టుకున్నది మా ఆయన. ఆకుపచ్చ బనీను, నెత్తికి తువ్వాలు, ఎండకి కళ్ళు చికిలించి ఒడ్డుకేసి చూస్తున్నాడు. తలెత్తి సముద్రంలోకి చూశాను. చుక్కాని దగ్గర నరేష్. మళ్ళీ టీవీలోకి. మా ఆయన. నరేష్ ఎక్కడా లేడు. గంప పట్టుకుని పరుగెత్తాను.

గంగులు కుప్పలు పోశాడు. ఈసారి ఆరే. మొహంలో భయం లేదు, రోజూ చేసే పనిలా ఉంది. తన పేరు. చినబాబు. శివాజీ. "అప్పలసూరి!"

నేను పలకలేదు. నరేష్ పడవ పక్కన నడుం దాకా తడిసి నిలబడి ఉన్నాడు. వాడి పేరు ఎవరూ పిలవలేదు. వాడికి కుప్ప లేదు.

"ఓలే, మీ ఆయన్ని పిలస్తంటే పలకవేటే?" అని బుల్లమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"నరేషో?" అన్నాను.

"ఏ నరేషు? మీ మరిదేటి? ఏటే ఈ మాటలు, మొగలో పోయి రెండేళ్ళయినాది, పాపం ఆ గుంటడి పేరు ఇప్పుడెందుకు?"

శివాజీ వల భుజాన వేసుకుని నరేష్ ఉన్నచోటి నుంచే నడిచి వెళ్ళాడు. పక్కకి తప్పుకోలేదు, తగలనూ లేదు. నరేష్ ఇంకా నా కళ్ళకి కనిపిస్తున్నాడు. నా ఒక్కదాని కళ్ళకే.

ఏం చెయ్యాలో నాకు తెలియకపోలేదు. ఎనభై మూడు ఎపిసోడ్లు చూశాను నేను. "అది సూరి వాటా కాదు, నరేష్ వాటా" అని ఒక్క కేక వేస్తే చాలు, మరిది నిలుస్తాడు, మొగుడు మళ్ళీ నీళ్ళపాలవుతాడు. "ఇదిగో" అంటే మొగుడు ఇంటికొస్తాడు. రెండింటికి మధ్య దారి లేదు.

"అప్పలసూరి!" గంగులు రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవరు. పలకని కుప్ప కాకులకి వదిలేస్తారు.

నేను నరేష్‌నే చూస్తున్నాను. నన్ను తిట్టినా, ఏడ్చినా, చేతులు పట్టుకున్నా, ఏదో ఒకటి చేసి ఉంటే నా మనసు ఎటో తిరిగేది. వాడు ఏమీ చెయ్యలేదు. రోజూ అరుగు మీద చేపలు పెట్టేటప్పుడు ఉండే మొహమే.

"ఎత్తుకో వొదినా, పర్లేదు" అన్నాడు.

"ఇదిగో" అన్నాను. వంగి, రెండు చేతులా ఎత్తి గంపలో వేసుకున్నాను.

నడుం ఎత్తి చూసేసరికి కెమెరా లేదు, గొడుగు లేదు, ఉమాశంకర్ లేడు. వాళ్ళ వ్యాను నిలిపినచోట ఇసక చదునుగా ఉంది, టైరు గీత కూడా లేదు. పడవకి మోకు కడుతూ మా ఆయన ఉన్నాడు. "ఏటే అలాగ దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు? ఆకలేస్తన్నాది, పద" అన్నాడు. నేను అక్కడే, ఆ తడిసిన మనిషిని పట్టుకుని భోరుమన్నాను. ఆనందంతోనే. ఆ పూట నాకు నరేష్ గుర్తు రాలేదు. ఒట్టు.

ఇంటికెళితే గోడ మీద నరేష్ ఫోటో ఉంది, దండతో. నా బీరువాలో నేనెప్పుడూ కొనని చీరలున్నాయి. నేనే ఇటు వచ్చానో, ఆయనే అటునుంచి వచ్చాడో నాకు తెలియదు. ఆలోచిస్తే బుర్ర తిరుగుతుంది. తెలిసింది ఒకటే, నరేష్ లేడు. నెల రోజులు చేపల కూరలు వండి పెట్టాను, పక్కన కూర్చుని తినిపించాను, వీపు రుద్ది నీళ్ళు పోశాను. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

కానీ ఆయన నా సూరి లాగే ఉంటూ, నా సూరిలా నవ్వడు. ఒకప్పుడు ఆయన నవ్వితే వీధి చివరికి వినిపించేది. ఇప్పుడు అన్నం దగ్గర కూర్చుంటే సగం ముద్ద తిని లేచిపోతాడు. వేట లేని రోజు మొగ దగ్గరికి వెళ్ళి నీళ్ళకేసి చూస్తూ నిలబడతాడు. "కూడు తిందువు గాని, రా" అని కేకేస్తే వస్తాడు, మాట్లాడడు. ఎవరేమడిగినా నోరు విప్పడు. ఆ మూగతనం నేను ఇంతకుముందు చూసిందే.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. నేను ఎండుచేపలు తిరగేస్తున్నాను. ఆరు నెలలుగా అడగాలనుకుని అడగలేనిది అడిగేశాను. ఎందుకో కూడా చెబుతాను. నరేష్ ఎలాగూ ఆ రోజు మునిగిపోవలసినవాడేనని, నా చేతిలో ఏమీ లేదని ఆయన నోటితో వినాలని.

"మావా, ఆ పూట నీళ్ళలో ఏటయినాది?"

దారం కొరికి తెంపాడు. తర్వాత వల పక్కన పెట్టాడు.

"డీజిలు డబ్బా ఒకటి తేలినాది. ఇద్దరం పట్టుకుంటే మునిగిపోతన్నాది, ఒక్కడికైతే ఆగుతాది. నాను ఆడ్ని దాని మీదకి తోసినాను. ఆడు నన్ను తోసినాడు. ఇద్దరం ఒకల్నొకలు అలాగే తోసుకున్నాం సేనాసేపు. ‘చిన్నోడివిరా, నువ్వెల్లు, దాలమ్మని సూసుకో’ అని నాను. ‘వొదిన ఒక్కర్తే అయిపోద్ది, నువ్వే ఎల్లు’ అని ఆడు. ఆకర్న ఆడి సెయ్యే గట్టిదైపోనాది. నాను డబ్బా మీదకొచ్చీసినాను. ఎనక్కి తిరిగితే ఆడు లేడు."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఊరోలకి ఏటని సెప్పమంటావే? తమ్ముడు తోత్తే బతికొచ్చినానని సెప్పుకుంతానేటి?"

చేతిలో చేపలు జారి కింద పడ్డాయి. ఆ తోపులాటలో ఈ లోకాన నరేష్ చెయ్యి గట్టిదైంది. నేను బతికిన ఆ లోకాన మా ఆయన చెయ్యి గట్టిదై ఉంటుంది. నన్ను చూసుకోమని చెప్పి పంపి ఉంటాడు. ఆ మాట నిలబెట్టుకోడానికి నరేష్ రోజూ నా అరుగెక్కాడు. నీ మొగుడే నీ దగ్గరికి రాకుండా నన్ను పంపాడు వొదినా అని ఏ నోటితో చెబుతాడు? ఆ తిట్లన్నీ తిని ఊరుకున్నాడు. మా ఆయన ప్రాణం ఇచ్చి ఒడ్డెక్కించినవాణ్ణి నేను మళ్ళీ నీళ్ళలోకి తోసేశాను. ఈసారి కూడా వాడే నన్ను ముందుకి తోశాడు, "పర్లేదు" అని. వాడికి చావు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నా కోసమే.

అరుగు మీద కూలబడి గుండెలు బాదుకున్నాను. బుల్లమ్మ వాళ్ళింట్లోంచి తొంగి చూసింది. మా ఆయన కంగారుపడి దగ్గరికొచ్చాడు. నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతి కోసమే కదా నేను అంత పని చేసింది.

"నీ మనిసిని నానొచ్చీసినాను గదే," అన్నాడు, "నువ్వెందుకే ఏడస్తన్నావు?"